మతం ఎక్కడ పుట్టింది? మనిషి దేనిని వెదకుతున్నాడు?



పట్నంలో చదువుకునే పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పుస్తకాలతో పాటు కొన్ని ప్రశ్నలను కూడా వెంట తెస్తారు. "మతం మనిషి భయంలో నుండి పుట్టిందట కదా? ఉరుముకూ రోగానికీ చావుకూ భయపడి మనిషే దేవుణ్ణి కల్పించుకున్నాడట కదా?" అని ఒకరు అడుగుతారు. ఇంకొకరు మరింత దగ్గరి ప్రశ్న వేస్తారు. "కరువులో గంజి పోశారని మన పెద్దలు మిషన్‌లో కలిశారని అందరూ అంటున్నారు, నిజమేనా నాయనా?" అంటారు. తండ్రికి కోపం వస్తుంది. తల్లికి దిగులు పుడుతుంది. సాయంకాల ప్రార్థన ముగిసినా ఆ ప్రశ్న మాత్రం ఇల్లు వదలి పోదు.

అలాంటి బిడ్డ నోరు మూయించడం సులభమే. కాని ప్రశ్న అడిగినంత మాత్రాన ఆ బిడ్డ విశ్వాసానికి శత్రువు కాడు. తోమా కూడా సందేహించాడు. ప్రభువు అతణ్ణి వెళ్ళగొట్టలేదు, గాయపడిన తన చేతులు చూపించాడు. కాబట్టి ఈ నెల మనం ఆ రెండు ప్రశ్నలనూ ఎదురుగా పెట్టుకుని నిదానంగా ఆలోచిద్దాం.

మర్రిచెట్టు, దాని ఊడలు

మన కడప జిల్లాలో పెండ్లిమర్రి పేరులోనే మర్రి ఉంది. బాగా పాతదైన మర్రిచెట్టు క్రింద నిలబడి ఎప్పుడైనా చూశారా? కొమ్మల నుండి ఊడలు దిగుతాయి. అవి నేలలో నాటుకుని, కొన్నేళ్ళకు మానులవలె లావెక్కుతాయి. అప్పుడు ఏది మొదటి మానో, ఏది ఊడో గుర్తు పట్టడం కష్టం. మతం పుట్టుకను పరిశోధించిన పండితుల సంగతీ అలాగే జరిగింది. ఒక్కొక్కరు ఒక్కొక్క ఊడను పట్టుకుని "ఇదే మొదటి మాను" అన్నారు.

ఇంగ్లండుకు చెందిన టైలర్ అనే పండితుడు 1871లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. కలలో చనిపోయినవారు కనిపించడం చూసి ఆదిమానవుడు ఆత్మ అనే భావన కల్పించుకున్నాడని, దానిలో నుండే మతం పుట్టిందని ఆయన వాదం. ఫ్రాన్సు దేశస్థుడైన డర్క్‌హైమ్ 1912లో మరొక మాట చెప్పాడు. మనుష్యులు గుంపుగా కూడినప్పుడు వారిలో పుట్టే శక్తినే వారు దైవమని భావించారని, అంటే సమాజమే తన్ను తాను పూజించుకుంటున్నదని ఆయన అభిప్రాయం. వియన్నా నగరంలోని డాక్టరు ఫ్రాయిడ్ 1927లో రాసిన పుస్తకంలో, నిస్సహాయుడైన మనిషి తనను కాపాడే తండ్రి కావాలని కోరుకుని దేవుణ్ణి ఊహించుకున్నాడని వాదించాడు.

వీరి మాటలు వినగానే మనం బెదరిపోనక్కరలేదు. వీటిలో ఉన్న నిజాన్ని ఒప్పుకుని, ఆ నిజం ఎంత దూరం వెళ్తుందో చూద్దాం.

భయం పోతే మతం పోయిందా?

ముందు భయం సంగతి చూద్దాం. మన పల్లెలలో మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఊరంతా కలిసి జాతర చేసేవారు. మద్రాసు బిషప్పుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ దొరగారు దక్షిణ దేశపు గ్రామదేవతలను గూర్చి 1916లో ప్రచురించిన పుస్తకంలో ఇటువంటి కొలువులు ఎన్నో వివరించారు. అంటురోగానికీ గ్రామదేవత కొలువుకూ ఉన్న సంబంధం ఆ పుస్తకంలో స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి భయానికీ మతానికీ సంబంధమే లేదని మనం అనలేము.

అయితే తరువాత ఏమి జరిగింది? టీకాలు వేసేవారు ఊరూరా తిరిగారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో కనబడింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమి మీద లేకుండా పోయిందని ప్రకటించింది. భయమే మొదటి మాను అయితే, ఆ మాను కూలిన తరువాత చెట్టంతా ఎండిపోవాలి. ఎండిపోలేదు. జాతరలు ఆగలేదు. పెండ్లిమర్రి మండలంలోని పొలతల కొండలకు కార్తీక సోమవారాలలో జనం వెళ్తూనే ఉన్నారు. కడపలో అమీన్‌పీర్ దర్గాకు హిందువులూ వెళ్తారు. దేవుని కడప గుడికి ఉగాది నాడు ముస్లింలూ వస్తారు. మన దేవాలయాలకు కూడా పరీక్షల ముందు, ఆపరేషన్ ముందు, కొడుకు కువైట్ విమానం ఎక్కే ముందు మాత్రమే వచ్చేవారు లేకపోలేదు. శాస్త్రం ఒక భయాన్ని తీసివేసింది. అందుకు దేవునికి కృతజ్ఞతలు చెల్లించాలి. కాని మనిషి గుండెలోని ప్రశ్న అలాగే నిలిచి ఉంది.

సమాధుల సాక్ష్యం

రెండవది మరణం. నజరేతు పట్టణం దగ్గర కొండలో కఫ్జే అనే గుహ ఉంది. అక్కడ తవ్వినప్పుడు చాలా ప్రాచీన కాలపు సమాధులు బయటపడ్డాయి. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం అవి సుమారు 90 వేల సంవత్సరాల క్రిందటివి. వాటిలో ఒక పిల్లవాడి సమాధి ఉంది. బిడ్డను గుంటలో పడుకోబెట్టినవారు అతని మీద జింక కొమ్ములు ఉంచారు. వారు ఏ భాష మాట్లాడారో, ఎవరిని ప్రార్థించారో మనకు చెప్పేవారు లేరు. కాని బిడ్డను పారవేయలేక, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలని ఒక తల్లి, ఒక తండ్రి తపించారని ఆ సమాధి చూస్తే తెలుస్తుంది.

అంత దూరం ఎందుకు? రాయలసీమలో బండపలకలు నిలబెట్టి కట్టిన పాత సమాధులను మనవాళ్ళు రాక్షసగుళ్ళు అంటారు. ఇనుము వాడకం మొదలైన కాలంలో, అంటే రెండు మూడు వేల ఏళ్ళ క్రిందట, మన నేల మీద బ్రతికినవారు వాటిని కట్టారు. చనిపోయినవారితో పాటు కుండలు, పనిముట్లు లోపల పెట్టారు. మన జిల్లాలోని శంఖవరంలో దొరికిన ఒక మట్టి శవపేటిక మద్రాసు మ్యూజియంలో ఉంది. ఒక జంతువు ఆకారంలో ఎంతో ఓపికగా చేసి కాల్చినది అది. పూట గడవడమే కష్టమైన కాలంలో చనిపోయినవారి కోసం అంత శ్రమ ఎందుకు పడ్డారు? కడుపు నిండితే చాలదని, చావుతో అంతా ముగిసిపోకూడదని మనిషికి మొదటి నుండీ అనిపిస్తూ ఉంది. దేవుడు మనుష్యుల హృదయంలో శాశ్వతకాలాన్ని గూర్చిన తలంపు ఉంచాడని ప్రసంగి మూడవ అధ్యాయంలో చెప్పింది దీనినే.

మూడవది సమాజం. కలిసి పాడినప్పుడు, కలిసి భోంచేసినప్పుడు మన విశ్వాసం బలపడుతుంది. ఇది మనందరి అనుభవమే. కాని సమాజమే దేవుణ్ణి తయారు చేసుకున్నదంటే, ఆ సమాజాన్నే ఎదిరించి నిలబడిన ప్రవక్తల సంగతేమిటి? బీదలను నలగగొట్టి పండుగలు చేసుకునేవారిని ఆమోసు గద్దించాడు. ఆ గొర్రెల కాపరికి సమాజం చప్పట్లు కొట్టలేదు, ఊరు విడిచి పొమ్మన్నది. సమాజం కంటే పైనుండి ఏదో స్వరం వినకుండా మనిషి అలా నిలబడలేడు.

మన నేల మీద వెదకినవారు

వెదకినవారు యూదయలోనే కాదు, మన ప్రాంతంలోనూ ఉన్నారు. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది. మనసు శుద్ధి లేని పూజ వ్యర్థమని, కులగర్వం వెర్రితనమని ఆయన మన మామూలు మాటలలో చెప్పాడు. ఒకప్పుడు కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర ఆ పద్యాలను సేకరించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. కందిమల్లాయపల్లెలో జీవించిన పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యులలో దూదేకుల సిద్దయ్య ముఖ్యుడు. మాదిగవాడైన కక్కయ్య పేరు కూడా ఆ కథలలో వినబడుతుంది. గుడిలోకి రానివ్వని మనుష్యులు గురువు దగ్గర కూర్చుని "నేను ఎవరు? ఎక్కడి నుండి వచ్చాను?" అని అడిగారు. వారి జవాబులన్నిటితో మనం ఏకీభవించకపోవచ్చు. కాని వారి దప్పికను తక్కువ చేయకూడదు. ఏథెన్సులో పౌలు భక్తుడు అక్కడి ప్రజలను వెక్కిరించలేదు. తెలియబడని దేవునికి వారు కట్టిన బలిపీఠం దగ్గరి నుండే తన మాట మొదలుపెట్టాడు.

మన జిల్లా సరిహద్దు దాటి కనిగిరి వైపు వెళ్తే తాళ్ళకొండపాడు అనే ఊరు ఉంది. ఆ ఊరివాడైన యెర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ కులంలో పుట్టి, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఆయనకు ఇల్లు గడిచే దారి ఉంది. అయినా ఆయనకు శాంతి లేదు. యోగమార్గం బోధించే ఒక స్త్రీ గురువును ఆశ్రయించి, ధ్యానం నేర్చుకుని, తాను కూడా కొందరికి బోధించాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరు ప్రాంతంలో మిషనరీల వలన సజీవుడైన ఒక్క దేవుణ్ణి గూర్చి విన్నాడు. ఇంతకాలం తాను వెదకుతున్నది ఇదేనని ఆయనకు తోచింది. 1866లో జూవెట్ దొరగారి చేత ఆయనా, ఆయన భార్యా బాప్తిస్మం పొందారు. ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు ప్రభువు దగ్గరకు రావడానికి ఈ దంపతులే నాంది. వీరి చరిత్రనూ, ఆనాటి మాదిగలు అనుసరించిన గురుమార్గాలనూ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసాని గారు 1899లో ఒక పుస్తకంగా ప్రచురించారు.

గమనించండి. పేరయ్య గారిని క్రీస్తు దగ్గరకు నడిపించింది ఆకలి కాదు. ఆయన కడుపు నిండే ఉంది. గుండె మాత్రం వెలితిగా ఉంది.

గంజి కోసమే వచ్చారా?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరువు మన సీమను తుడిచిపెట్టినంత పని చేసింది. మద్రాసు రాజధానిలో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి. ఆ కాలంలో మిషనరీలు గంజి పోసిన మాట, పని ఇప్పించిన మాట నిజం. అందువలన "మీ పెద్దలు గంజికి అమ్ముడుపోయారు" అనే నింద నేటికీ మన పిల్లల చెవిన పడుతుంది.

చరిత్ర ఏమి చెబుతుంది? లండన్ మిషన్ వారు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. ఈ జిల్లాలో మాలపల్లెలు గుంపులుగా సువార్త వైపు కదలడం 1850ల ప్రారంభంలోనే కనబడుతుంది. ధాత కరువు అప్పటికి ఇంకా పాతికేళ్ళ దూరంలో ఉంది. పేరయ్య గారి బాప్తిస్మం కరువుకు పదేళ్ళ ముందటిది.

కరువు రోజులలో ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. కాని ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఆపి ఉంచారు. కూడు కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని ఆయన పట్టుదల. వానలు పడ్డాయి. సహాయపు పనులు ముగిశాయి. ఇక ఇచ్చేది ఏమీ లేదు. అప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం పొందారు.

అయినా మనం నిజాయితీగా మాట్లాడుకుందాం. వచ్చినవారందరి మనసూ ఒక్కలాగే ఉండి ఉండదు. కొందరు గంజి చూసి వచ్చి ఉండవచ్చు. బిడ్డకు నాలుగు అక్షరాలు వస్తాయని కొందరు వచ్చి ఉండవచ్చు. "ఒరే" అని కాక పేరు పెట్టి పిలిచే చోటు దొరికిందని ఇంకా కొందరు వచ్చి ఉండవచ్చు. అందులో సిగ్గుపడవలసినది ఏమున్నది? తప్పిపోయిన కుమారుడికి తండ్రి ఇల్లు గుర్తుకు వచ్చింది ఆకలి వేసినప్పుడే కదా! తండ్రి అతణ్ణి వాకిట్లో ఆపి "నీవు నా కోసం వచ్చావా, అన్నం కోసం వచ్చావా?" అని విచారించలేదు. యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో, జనులు రొట్టెల కోసం తన వెంట వస్తున్నారని ప్రభువు వారి ముఖం ముందే చెప్పాడు. కాని ముందుగా వారికి అన్నం పెట్టింది కూడా ఆయనే. మీ బిడ్డ ఈ ప్రశ్న అడిగినప్పుడు తల దించుకోకండి. ఈ చరిత్ర చెప్పండి.

దప్పికా, ఎండమావీ

మతం పుట్టుకను గూర్చి ఇప్పుడు ఒక మాట అనుకోవచ్చు. దప్పిక వేసిందని నీళ్ళు అబద్ధం కావు. మనిషి అవసరంలో నుండి వెదకాడు కాబట్టి అతను వెదకినది లేదనడం సరికాదు.

అయితే రాయలసీమవాళ్ళకు ఇంకొక సంగతి కూడా తెలుసు. దప్పిక గొన్నవాడికి ఎండమావి కూడా నీళ్ళవలె కనబడుతుంది. దప్పిక ఎంత గట్టిదైనా, ఏ బావిలో మంచినీళ్ళు ఉన్నాయో అది చెప్పలేదు. నీళ్ళు తాగి చూడాలి. ఆ నీళ్ళతో పైరు పచ్చబడిందా లేదా చూడాలి. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దేవుని ఎదుట వినయంగా ఉండడం అని మీకా ప్రవక్త పెట్టిన పరీక్ష ఇదే. దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వారి ఇబ్బందిలో పరామర్శించడమే నిజమైన భక్తి అని యాకోబు పెట్టిన పరీక్షా ఇదే.

ఈ పరీక్షలో మన సంఘం నిలిచిన సందర్భాలు ఉన్నాయి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంబెల్ ఆస్పత్రికి ఎడ్లబండ్ల మీద ఎన్ని ఊళ్ళ నుండి రోగులను తెచ్చేవారో పెద్దలు చెబుతారు. రోగిని ముట్టుకునే ముందు కులం అడగని వైద్యం అది. కాని పరీక్షలో మనం తప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరిల్లే మాల, మాదిగ కుటుంబాలు ఒకే పంక్తిలో భోంచేయని ఊళ్ళు లేవా? కట్నం దగ్గర క్రైస్తవులకూ ఇతరులకూ తేడా కనబడుతున్నదా? మన బిడ్డలు మతాన్ని అనుమానిస్తున్నారంటే, అందుకు ఫ్రాయిడ్ పుస్తకం ఎంత కారణమో మన నడవడి కూడా అంత కారణం. వారికి టైలర్ ఎవరో తెలియకపోవచ్చు. కట్నం బేరం మాత్రం చెవులారా విన్నారు.

బ్రతుకుకు అర్థం

ఇదంతా పండితుల ముచ్చట అని కొట్టివేయకండి. బ్రతకడానికి అర్థం ఏమిటన్నది మన పల్లెలో ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న. వాన లేక శెనగచెట్టు ఊడలు దిగకుండానే ఎండిపోతుంది. వేసిన బోరులో దుమ్ము తప్ప నీళ్ళు రావు. అప్పు ఇచ్చినవాడు వాకిట్లో కూర్చుంటాడు. "ఇంకా ఎందుకు బ్రతకాలి?" అనుకుని ప్రాణం తీసుకున్న రైతులు రాయలసీమలో ఎందరో ఉన్నారు. ఆ ఇంటికి వెళ్ళి మతం పుట్టుకను గూర్చి ఉపన్యాసం చెబితే ఎవరికి కావాలి?

వియన్నా నగరానికే చెందిన విక్టర్ ఫ్రాంకెల్ అనే యూదు డాక్టరు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆష్‌విట్జ్ మొదలైన నాజీ నిర్బంధ శిబిరాలలో బాధలు పడ్డాడు. తల్లిదండ్రులను, అన్నను, భార్యను పోగొట్టుకున్నాడు. 1946లో ప్రచురించిన పుస్తకంలో తాను గమనించిన ఒక సంగతి రాశాడు. తన కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారని, తాను చేయవలసిన పని ఒకటి మిగిలి ఉన్నదని నమ్మినవాడు ఎంత బాధనైనా ఓర్చుకోవడానికి బలం పొందాడట. అర్థం అనేది గాలిలో దొరికేది కాదు. ఎవరో మనకోసం ఉన్నారని, మనం ఎవరికోసమో ఉన్నామని తెలిసినప్పుడు దొరుకుతుంది.

సువార్త చెప్పేది కూడా ఇటువంటిదే. మనిషి దేవుణ్ణి వెదకుతున్నాడన్నది సగం మాట. దేవుడు మనిషిని వెదకుతూ వచ్చాడన్నది మిగిలిన సగం. మిట్టమధ్యాహ్నం ఎండలో సమరయ స్త్రీ కడవ పట్టుకుని బావి దగ్గరకు వచ్చింది. ఆమె కంటే ముందే వచ్చి ఒకరు అక్కడ కూర్చుని ఉన్నారు. ఆయనకు కూడా దప్పిక వేసింది. ఆమెనే నీళ్ళు అడిగాడు. తక్కువగా చూడబడిన ఆ స్త్రీ, తాను కూడా ఒకరికి ఇవ్వగలిగినది ఉన్నదని ఆ రోజు తెలుసుకుంది.

కాబట్టి ఈ నెలలో ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత రేడియో, టీవీ కట్టివేసి, పిల్లలను అడగనివ్వండి. అవ్వతాతలు ఉంటే, మన కుటుంబం ప్రభువును ఎలా తెలుసుకున్నదో చెప్పమనండి. వారికి గుర్తున్నది ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టుకోండి. తరువాత మీ వీధిలో పంట పోయి, అప్పులతో మాట తగ్గించి, జనంలోకి రాకుండా ఉన్నవారు ఎవరో ఆలోచించండి. ఆయన ఏ మతస్థుడని చూడవద్దు. మరునాడే వెళ్ళి ఆ అరుగు మీద కాసేపు కూర్చోండి. చెప్పడానికి మాటలు దొరకకపోయినా ఫరవాలేదు. తన కోసం ఒకరు వచ్చారని ఆయనకు తెలిస్తే చాలు. వీలైతే మీ బిడ్డను కూడా వెంట తీసుకుని వెళ్ళండి.